వీధిలో నిలబడాలనుకున్న అమ్మాయి

ఎవరైనా ప్రసిద్ధుల జీవితం రాసిమ్మని సావనీరు సంపాదకులు అడిగితే, పెద్ద పెద్ద పేర్లన్నీ వదిలేసి ఇరవయ్యయిదేళ్లకే పోయిన ఒక చిత్రకారిణి గురించి రాయాలనిపించింది. పేరు మారీ బష్కిర్త్‌సెఫ్. ఆవిడను నాకు పరిచయం చేసింది ఒక బొమ్మ.

లైబ్రరీలో ఫ్రెంచి చిత్రాల పుస్తకం తిరగేస్తుంటే కనబడింది. పారిస్‌లో పేదల వీధి, చెక్కల దడి. దాని ముందు ఆరుగురు మగపిల్లలు గుంపుకట్టి నిలబడ్డారు. అందరిలోకీ పెద్దవాడు మనకు వీపు పెట్టి చేతిలో ఏదో చూపిస్తున్నాడు. మిగతావాళ్లు లోకం మరచి దానికేసే చూస్తున్నారు. అదేమిటా అని నేనూ పుస్తకం మీదికి వంగాను! బొమ్మ పేరు ‘మీటింగ్’. మన యూనియన్ మీటింగుల కంటే ఇదే శ్రద్ధగా జరుగుతున్నట్లుంది, ఏమీ అనుకోకండి.

మారీ 1858లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని పొల్తావా దగ్గర సంపన్న కుటుంబంలో పుట్టింది. తల్లిదండ్రులు విడిపోతే తల్లి వెంట దేశాలు తిరిగి నీస్‌లో పెరిగింది, తర్వాత పారిస్ చేరింది. గాయని కావాలని కలలు కన్నది. గొంతు జబ్బుతో ఆ ఆశ పోయింది. అప్పుడు, 1877లో, కుంచె పట్టింది. ప్రభుత్వ చిత్రకళాశాల ఆడవాళ్లను 1897 దాకా చేర్చుకోలేదు. అందుకని జూలియన్ అకాడమీ అనే ప్రైవేటు బడిలో చేరింది. అక్కడ ఆడపిల్లల క్లాసు వేరు, ఫీజు మాత్రం మగవాళ్ల కంటే ఎక్కువ! 1881లో స్త్రీల హక్కుల పత్రిక ‘లా సిత్వాయెన్’లో మారుపేరుతో ఈ అన్యాయాల మీద రాసింది కూడా.

డబ్బుకు లోటు లేదు. లేనిదల్లా ఒంటరిగా వీధిలో నడిచే స్వేచ్ఛ. బండీ, తోడుమనిషీ లేకుండా గడప దాటడానికి వీల్లేదు. పార్కులో బెంచీ మీద తీరిగ్గా కూర్చోవాలని, సాయంత్రాలు పాత వీధుల్లో తిరగాలని, అది లేనిదే నిజమైన కళాకారిణి కాలేనని డైరీలో బాధపడింది. అవుట్ పాస్ మీద సంతకం పెట్టించుకుంటే గానీ హాస్టల్ గేటు దాటలేని మాబోటివాళ్లకు ఆ పేజీలు వేరే వివరించనక్కర్లేదు. అలాంటి మనిషి వేసింది ఎవరిని? వీధి తమదే అన్నట్టు నిలబడ్డ పిల్లలను!

ఆ బొమ్మ చిన్నదేం కాదు, దాదాపు రెండు మీటర్ల ఎత్తు. అప్పటికే క్షయ. 1884 సలోన్ ప్రదర్శనలో జనం మెచ్చారు, పత్రికలు మెచ్చాయి, పతకం మాత్రం రాలేదు. మారీ మండిపడింది. వినయం ఆవిడ సుగుణాల్లో లేదు, నాకు నచ్చిందీ అదే. ఆ ఏడే అక్టోబరు 31న కన్నుమూసింది. ఆవిడ గురువుగా భావించిన చిత్రకారుడు బాస్తియాన్ లెపాజ్‌కీ అప్పుడు ప్రాణాంతకమైన జబ్బే. చివరి రోజుల్లో తమ్ముడు మోసుకొస్తే వచ్చి ఆవిడ పక్కన కూర్చునేవాడు. డిసెంబరులో ఆయనా పోయాడు.

1887లో డైరీ అచ్చయి ఊళ్లూ దేశాలూ దాటింది. ఇంటివాళ్లు చాలా కత్తిరించారు, పాపం, వయసు కూడా రెండేళ్లు తగ్గించారు. బొమ్మను ఫ్రెంచి ప్రభుత్వం కొన్నది. ఇప్పుడది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది.

మొన్న మళ్లీ ఆ పుస్తకం తీశాను. మొదటిసారి చూడనిదొకటి కనబడింది. కుడివైపు చివర ఒక చిన్న పిల్ల, జడ వీపున వేలాడుతుండగా, ఆ గుంపుకు దూరంగా నడిచి వెళ్లిపోతోంది. మగపిల్లల్లో ఒక్కడూ అటు చూడటం లేదు.