బృహత్కథా కర్త గుణాఢ్యుడు

భారతదేశమున కథలు చెప్పుకొను వాడుక యున్నంత కాలము మరువరాని నామము గుణాఢ్యునిది. ఆయన పైశాచీ భాషలో రచించిన బృహత్కథ నేడు లభించుట లేదు. ఆ భాషయు వైయాకరణు లుదాహరించిన కొలది మాటలలో తప్ప మిగిలియుండలేదు. అయినను ఆ మహావృక్షము నాశ్రయించి పెరిగిన కథలు నేటికిని ఇంటింట వినబడుచున్నవి. శవమును భుజమున మోసికొనిపోవు విక్రమార్కుని కథ వినని తెలుగుబిడ్డ అరుదు. గ్రంథము నశించియు కథ బ్రదుకుట యెట్లు సంభవించెనో తెలిసికొనుటకు గుణాఢ్యుని జీవితమే యాధారము.

ఆ జీవితమును మనకు విపులముగా తెలుపునది కాశ్మీర కవి సోమదేవుడు 11వ శతాబ్దమున సంస్కృతమున రచించిన కథాసరిత్సాగరము. అందలి కథాపీఠ మను ప్రథమ లంబకమున ఈ వృత్తాంతము గలదు. ఇందు దేవతలును పిశాచములును మనుష్యులతో కలిసి తిరుగుదురు. కావున దీనిని పురాణమువలె చదువవలయునేగాని శాసనమువలె కాదు. అయినను బృహత్కథ యను గ్రంథ ముండెననుట నిస్సంశయము. సుబంధుడు, బాణభట్టు, దండి దానిని స్మరించిరి. 9వ శతాబ్దపు కంబోడియా శాసన మొకటి గుణాఢ్యుని పేరు పేర్కొన్నది.

గుణాఢ్యుని జన్మభూమి గోదావరీ తీరమందలి ప్రతిష్ఠాన ప్రాంతము. అదియే నేడు మహారాష్ట్రమునందున్న పైఠాన్. అచ్చటి సాతవాహనులను పురాణములు ఆంధ్రరాజులని కీర్తించినవి. తెలంగాణమునందలి కోటిలింగాలలో వారి తొలి నాణెములు దొరకినవి. గుణాఢ్యుని తల్లి శ్రుతార్థ యను బ్రాహ్మణ కన్యక. తండ్రి నాగకుమారుడగు కీర్తిసేనుడు. బాల్యమునందే తల్లియు మేనమామ లిరువురును గతించిరి. దిక్కులేని ఆ బాలుడు శోకమును దిగమ్రింగి, దక్షిణాపథమున సకల విద్యల నభ్యసించి, స్వదేశమునకు మరలివచ్చి సాతవాహన మహారాజు కొలువున మంత్రిపదవి నందెను.

ఒక వసంతదినమున రాజు రాణులతో జలక్రీడ లాడుచుండెను. అలసిన రాణి యొకతె తనపై నీరు చల్లవలదని సంస్కృతమున ప్రార్థించెను. ఆ మాటలోని సంధి నెరుగని రాజు ఆమె మోదకము లడుగుచున్నదని తలచి, పళ్లెములతో మోదకములు తెప్పించెను. రాణి పరిహసించినది, పరిజనము నవ్వు నాపుకొనలేకపోయినది. రాజు సిగ్గుపడి, ఆహారము మాని, ఎవ్వరితోను పలుకక పానుపుపై బడియుండెను. ఇట్టి యల్పవిషయమే ఒక మహాకవి జీవితమును తారుమారు చేసినది.

వ్యాకరణము నేర్చుటకు 12 ఏండ్లు పట్టుననియు, తాను 6 ఏండ్లలో నేర్పగలననియు గుణాఢ్యుడు రాజుకు విన్నవించెను. అదే కొలువునందలి శర్వవర్మ 6 నెలలలోనే నేర్పుదునని ముందుకు వచ్చెను. అది యసాధ్యమని నమ్మిన గుణాఢ్యుడు, అట్లు జరిగినచో తాను సంస్కృతము, ప్రాకృతము, దేశభాష యను మూడింటిని విడిచెదనని ప్రతిన పట్టెను. శర్వవర్మ కుమారస్వామి ననుగ్రహింపజేసికొని, కాతంత్ర మను సులభ వ్యాకరణమును సంపాదించి, చెప్పిన గడువులోనే రాజును విద్వాంసుని గావించెను. గుణాఢ్యుడు మాట తప్పలేదు. మాటలే జీవనాధారముగా గల పండితుడు ఆ దినమున మూగవాడయ్యెను. గుణదేవుడు, నందిదేవుడు అను శిష్యు లిరువురు మాత్రము వెంటరాగా వింధ్యాటవికి వెడలిపోయెను.

నాగరికుల భాషలన్నియు నిషిద్ధమైన వానికి అడవిలో పిశాచముల భాష దొరకినది. చీకటిలో వాని సంభాషణ లాలకించి ఆయన పైశాచిని నేర్చెను. అచ్చట కాణభూతి యను పిశాచమును కలిసికొనెను. ఈ సమాగమమునకు వెనుక ఒక శాపకథ గలదు. శివుడు పార్వతికి ఏకాంతమున చెప్పిన విద్యాధరుల కథను పుష్పదంతు డను గణము పొంచి విని భార్యకు చెప్పెను. దేవి కోపించి అతనిని, అతని పక్షమున వేడుకొన్న మాల్యవంతుని మనుష్యులై పుట్టుడని శపించెను. పుష్పదంతుడు వరరుచిగాను, మాల్యవంతుడు గుణాఢ్యుడుగాను జన్మించిరి. వరరుచి కాణభూతికి కథ చెప్పగానే అతనికి విముక్తి. కాణభూతి గుణాఢ్యునకు చెప్పగానే దానికి విముక్తి. గుణాఢ్యుడు దానిని లోకమున వ్యాపింపజేసిననే ఆయనకు విముక్తి. కథను దాచుకొన్నవాడు బద్ధుడు. పంచి యిచ్చినవాడు ముక్తుడు. శాపములోనే యింతటి ధర్మము ఇమిడియున్నది.

గుణాఢ్యుడు 7 సంవత్సరములు శ్రమించి 7 లక్షల శ్లోకముల గ్రంథము రచించెను. అడవిలో సిరా లేకపోవుటచే తన రక్తముతోనే వ్రాసెను. వ్యాపింపజేయవలసిన కథ కాబట్టి, రసజ్ఞుడగు ప్రభువు చేతికి పోయిన లోకమునకు పోవునని తలచి, శిష్యులచేత సాతవాహనునకు పంపెను. ఇటీవలనే వ్యాకరణము నేర్చిన రాజునకు పిశాచ భాషయు, రక్తాక్షరములును ఏవగింపు గొలిపినవి. ఆయన గ్రంథమును త్రిప్పిపంపెను.

గుణాఢ్యుడు వాదింపలేదు. కొండశిఖరమున అగ్ని రగిల్చి, ఒక్కొక్క పత్రమును పైకి చదివి, శిష్యులు కన్నీరు నించుచుండగా మంటలో వేయసాగెను. మనుష్యులు వినని కథను మృగములు వినినవి. లేళ్లు, అడవి పందులు, దున్నలు మేత మాని, వలయముగా నిలిచి కన్నీరు కార్చినవి. నగరమున రాజునకు అస్వస్థత కలిగెను. సారములేని మాంసమే కారణమని వైద్యులు చెప్పిరి. వంటవారు వేటకాండ్ర తప్పనిరి. అడవిలో నొక బ్రాహ్మణుడు చదువుచుండగా మృగములు మేత మానియున్నవని వేటకాండ్రు తెలిపిరి. రాజు పరుగున పోయి గుణాఢ్యుని గుర్తించి, జరిగినది తెలిసికొని పాదములపై బడెను. అప్పటికి 6 లక్షల శ్లోకములు బూడిద యైనవి. శిష్యుల కిష్టమైనదని కాల్చక యుంచిన నరవాహనదత్త చరిత్ర, లక్ష శ్లోకములు మాత్రము మిగిలినవి. దానిని రాజున కప్పగించి గుణాఢ్యుడు యోగమార్గమున దేహము చాలించెను. రాజు ఆ శిష్యుల సాయముతో కథాపీఠమును రచించి గ్రంథమును ప్రచారము చేసెను.

తరువాతి చరిత్ర పాఠకులది. బుధస్వామి శ్లోకసంగ్రహముగను, క్షేమేంద్రుడు మంజరిగను, సోమదేవుడు సాగరముగను దానిని సంస్కృతమునకు తెచ్చిరి. తమిళమున కొంగువేళిర్ పెరుంగదై రచించెను. కాశ్మీర కవు లిరువురి గ్రంథములలోను వేతాళుని 25 కథలు గలవు. బుధస్వామి గ్రంథమున అవి లేవు గావున తరువాత చేరినవని పండితులు తలంతురు. కాని సోమదేవుని కథలో శ్మశానమునకు పోయి శవమును మోసిన త్రివిక్రమసేనుడు గోదావరీ తీరమందలి ప్రతిష్ఠానమునకే రాజు. కథలు తిరిగి తిరిగి గుణాఢ్యుని యూరికే చేరినవి.

ఆ వేతాళ కథలు మంగోలియా వరకు పోయినవి. 1805లో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలనుండి హిందుస్తానీలో వెలువడినవి. వేదము వేంకటరాయశాస్త్రిగారు కథాసరిత్సాగరమును తెలుగు వచనమున నందించిరి. 1947లో మద్రాసున స్థాపింపబడిన చందమామ పత్రిక బేతాళ కథలను కొన్ని దశాబ్దములు తెలుగు పిల్లల చేతులలో నుంచినది. ఒక యింట కొన్న సంచిక వాడయంతయు తిరిగి, అట్ట చినిగి, ఎన్నో చేతులు మారెడిది.

రాజు ఆదరమున గాని, మంత్రి పదవిచేత గాని బృహత్కథ మిగులలేదు. ఇరువురు శిష్యులకు ఒక భాగ మిష్టమైనందున అది అగ్నినుండి తప్పించుకొన్నది. విన్నవారు మరియొకరికి చెప్పుటచే నేటివరకు నడచివచ్చినది.