మీ సిలబస్‌లోని ఆ పాఠం.. డిగ్రీ లేని ఓ పండితుడి కష్టం

గ్రూప్-2కి చదువుతున్నారా? అయితే కాకతీయుల తర్వాత వచ్చే ముసునూరి నాయకులు, రెడ్డి రాజ్యాలు అనే పాఠం దగ్గర ఒక్కసారైనా విసుక్కునే ఉంటారు. ప్రోలయ, కాపయ, అనవోత, అనవేమ, కుమారగిరి.. పేర్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. సంవత్సరాల సంగతి చెప్పక్కర్లేదు. అనకాపల్లిలో రూమ్ తీసుకుని చదివేవాళ్లకైనా, రోజూ విశాఖ కోచింగ్‌కి రైలెక్కి వెళ్లొచ్చేవాళ్లకైనా ఇది తప్పని బాధే. కానీ నూరేళ్ల కిందట ఆ పాఠం ఇలా వరసగా ఎక్కడా లేదు. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఓరుగల్లు పడిపోవడంతో ఒక కథ ఆగిపోయేది. ఆ తర్వాత చదివేవాడి చూపు నేరుగా విజయనగరం మీదకు దూకేది. మధ్యలో తెలుగు నేల మీద ఏం జరిగిందో రాళ్ల మీద, రాగిరేకుల మీద చెల్లాచెదురుగా ఉండిపోయింది. దాన్ని ఏరి, వరస కట్టినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు మల్లంపల్లి సోమశేఖర శర్మ. ఆయనకు డిగ్రీ లేదు.

పుట్టింది 1891లో, ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మినిమించిలిపాడులో. కలిగిన కుటుంబం కాదు, కాలేజీ చదువు సాగలేదు. రాజమహేంద్రవరంలో ఉన్న రోజుల్లో ఆంధ్రుల చరిత్ర రాస్తున్న చిలుకూరి వీరభద్రరావు లాంటి వాళ్ల సాంగత్యం దొరికింది. అక్కడే ఆయనకు చరిత్ర పిచ్చి పట్టింది. అసలు మలుపు మాత్రం మద్రాసులో వచ్చింది. అక్కడ కొమర్రాజు లక్ష్మణరావు ఒక్కచేతి మీద ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తయారుచేస్తున్నారు. ఇంగ్లిష్‌లో బ్రిటానికా ఉన్నట్టు తెలుగులోనూ ఉండాలని ఆయన పట్టుదల. ఆ పనిలో శర్మ సహాయకుడిగా చేరారు.

ఈ ఉద్యోగాన్ని మీరు కొంచెం జాగ్రత్తగా చూడాలి. జీతం గొప్పగా ఉండే పని కాదు, భద్రత అసలే లేదు. కానీ రోజూ కన్నెమరా గ్రంథాలయం లాంటి చోట్ల కూర్చుని ఒక్కో విషయం మీద దొరికిందంతా చదివి, సరిచూసి, నాలుగు ముక్కల్లో రాయాలి. వ్యాసం తప్పయితే అడిగేవాడు కొమర్రాజు, అంటే ఎవరూ తప్పించుకోలేరు. పక్కనే మద్రాసు ప్రభుత్వ శాసన శాఖ ప్రచురణలు, ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాలు. యూనివర్సిటీ క్లాసులో దొరకాల్సిన శిక్షణ ఆయనకు అలా పని చేస్తూ దొరికింది. 1923లో కొమర్రాజు పోయారు. అప్పటికి మూడు సంపుటాలు వచ్చాయి, ఇంకా అ అనే అక్షరమే పూర్తిగా దాటలేదు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని మళ్లీ ఎత్తుకున్నప్పుడూ శర్మ ఉన్నారు. 1938లో ఆయనా పోయారు. ఒకే ప్రాజెక్టు రెండుసార్లు చేతిలో ఆగిపోయిందన్నమాట. మనలో చాలామందిమి మొదటిసారికే వేరే దారి చూసుకుంటాం.

ఇంతకీ శాసనం చదవడం అంటే ఏమిటి? రాయిని శుభ్రంగా కడిగి, తడి కాగితం అతికించి, బ్రష్‌తో కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే నల్లటి నేల మీద తెల్లగా అక్షరాలు తేలుతాయి. అసలు కష్టం అక్కడి నుంచే మొదలు. అరిగిపోయిన చోట ఏ అక్షరం ఉండాలో ఛందస్సు చెప్పాలి, అంటే సంస్కృతం, తెలుగు పద్యం రెండూ వచ్చి ఉండాలి. సంవత్సరం చాలాసార్లు అంకెల్లో కాక మాటల్లో ఉంటుంది. ఉదాహరణకు బాణ, వేద, రామ, శశి అని ఉందనుకోండి. బాణాలు ఐదు, వేదాలు నాలుగు, రాములు ముగ్గురు, చంద్రుడు ఒక్కడు. కుడి నుంచి ఎడమకు చదివితే 1345. అది శక సంవత్సరం కాబట్టి 78 కలపాలి, 1423 వస్తుంది. వారం, తిథి, గ్రహణం ఇచ్చి ఉంటే పంచాంగ గణితంతో సరిపోల్చాలి. అవి కుదరకపోతే ఆ శాసనాన్ని అనుమానించాలి.

ఆ 1423 సంవత్సరం ఊరికే ఎంచుకున్నది కాదు. రెడ్డి రాణి అనితల్లి వేయించిన కలువచేరు తామ్రశాసనం ఆ సంవత్సరానిదే. దానం ఇస్తూ రాజవంశాల వరస చెప్పే సందర్భంలో, వందేళ్ల కిందటి సంగతి అందులో వస్తుంది. ఓరుగల్లు పోయాక ముసునూరి ప్రోలయ నాయకుడు నిలబడటం, తర్వాత కాపయ నాయకుడు, ఆయన్ని కొలిచిన డెబ్బై ఐదుగురు నాయకులు. శర్మ ఇలాంటి ఆధారాలను ముస్లిం చరిత్రకారుల రాతలతో, మిగతా శాసనాలతో పక్కపక్కన పెట్టి 1945లో ఇంగ్లిష్‌లో ఒక చిన్న పుస్తకం తెచ్చారు. దాని పేరులోనే ఆంధ్ర చరిత్రలో మరచిపోయిన అధ్యాయం అని ఉంది. ప్రోలయ నాయకుడి విలస శాసనాన్ని నేలటూరి వెంకటరమణయ్యతో కలిసి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించారు. విలస కోనసీమలోని ఊరు.

1948లో వాల్తేరు నుంచి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయన పెద్ద పుస్తకం అచ్చువేసింది. రెడ్డి రాజ్యాల చరిత్ర, సుమారు 1325 నుంచి 1448 దాకా. నన్నడిగితే ఇందులో యుద్ధాల కన్నా మిగతాదే ఎక్కువ ఆసక్తి. మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు అనవోతారెడ్డి 1358లో ఇచ్చిన అభయం, పన్నులు, ఊళ్ల పాలన, తిండీ బట్టా. శ్రీనాథుడి కావ్యాలను ఆయన కవిత్వంగా మాత్రమే చదవలేదు. అవచి తిప్పయ సెట్టి ఏ దేశం నుంచి ఏ సరుకు తెచ్చాడో, గుర్రాలు హోర్ముజ్ నుంచి, ఏనుగులు సింహళం నుంచి, పట్టు చైనా నుంచి.. అదంతా ఆయనకు వ్యాపార లెక్క. కాలేజీ మెట్లెక్కని మనిషి అదే యూనివర్సిటీ చరిత్ర శాఖలో పరిశోధకుడిగా పనిచేశారు.

ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. ముసునూరి పుస్తకంలో ఆంధ్రోద్యమం నాటి ఉద్వేగం కనబడుతుంది. విముక్తి పోరాటం అన్న ఆ చిత్రాన్ని తర్వాతి చరిత్రకారులు ప్రశ్నించారు. కానీ ప్రశ్నించేవాళ్లు కూడా మొదట ఆయన పుస్తకమే తెరవాలి.

ఇది చదివి డిగ్రీ అక్కర్లేదని మాత్రం అనుకోకండి. కేంద్ర పురావస్తు శాఖకు మైసూరులో శాసన విభాగం ఉంది. అందులో చేరాలంటే ఇవాళ పీజీ లేనిదే దరఖాస్తు కూడా తీసుకోరు. శర్మలాంటి వాళ్లకు అప్పుడు తలుపు తెరిచింది కొమర్రాజు, నాగేశ్వరరావు లాంటి మనుషులు. ఇప్పుడు ఆ తలుపు దగ్గర నోటిఫికేషన్ ఉంటుంది. అయితే లోపలికి వెళ్లాక కావాల్సిన పనితనం మారలేదు. సంస్కృతమూ, పాత తెలుగు లిపీ రెండూ వచ్చినవాళ్లు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

స్వాతంత్ర్యం తర్వాత తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వం పనిని మూడోసారి మొదలుపెట్టింది. అందులోనూ శర్మ పనిచేశారు. ఈసారి సంపుటాలు వరసగా బయటికొచ్చాయి. 1963లో ఆయన కన్నుమూశారు.

ఒక ఆదివారం ఖాళీ ఉంటే ఎలమంచిలి దాటి రాంబిల్లి మండలంలోని పంచదార్లకు వెళ్లిరండి. అక్కడి గుడి స్తంభాల మీద 15వ శతాబ్దం తొలి ఏళ్ల శాసనాలున్నాయి, అంటే రెడ్డి రాజుల కాలానివే. ఆ లిపి మన ఇప్పటి అక్షరాలకు మరీ దూరం కాదు. తలకట్లు, దీర్ఘాలు కొంచెం వేరుగా ఉంటాయి. ఫోన్‌లో ఫొటో తీసుకుని ఇంటికొచ్చి ఒక్క పంక్తి విడదీయడానికి కూర్చోండి. శక అన్న మాట ముందు దొరుకుతుందేమో చూడండి, తేదీ సాధారణంగా దాని పక్కనే ఉంటుంది.