కడలిని నమ్మిన శాస్త్రజ్ఞుడు

కళింగపట్నము, బారువ, చింతపల్లి తీరములలో తెప్ప నడపు జాలరికి కెరటపు బలమెంతటిదో ఒకరు చెప్పనక్కరలేదు. ఆ కెరటముల క్రింద మరియొక శక్తి దాగియున్నది. బంగాళాఖాతమున పైనీరు ఎండకు వెచ్చనై యుండగా, వేయి మీటర్ల లోతున నీరు మిక్కిలి చల్లగా నుండును. ఇట్టి భేదమునుండి విద్యుత్తును తీయబూని, తన ధనమును కడలిపాలు చేసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జి క్లాడ్.

క్లాడ్ 1870లో పారిసు నగరమున జన్మించెను. గాలిని ద్రవముగా మార్చి ఆక్సిజనును వేరుచేయు విధమును సాధించి, 1902లో ‘ఎయిర్ లిక్విడ్’ సంస్థ స్థాపనకు కారకుడయ్యెను. గాలినుండి లభించిన నియాన్ వాయువును గాజు గొట్టములలో నింపి, 1910లో పారిసు మోటారు ప్రదర్శనమున ఎర్రని దీపములు వెలిగించెను. నగరవీథులలో దుకాణముల పేళ్లు రాత్రివేళ వెలుగుటకు అదియే నాంది. కీర్తియు, సంపదయు ఆయనను వరించెను.

సముద్రపు వేడిమిని వాడుకొనవచ్చునని 1881లోనే దార్సొన్వాల్ అను శాస్త్రజ్ఞుడు సూచించియుండెను. క్లాడ్ దానిని ఆచరణకు తెచ్చెను. గాలి తీసివేసిన పాత్రలో వెచ్చని సముద్రజలము నిప్పు లేకయే మరుగును. ఆ ఆవిరి టర్బైనును త్రిప్పును. లోతునుండి తోడిన చన్నీరు ఆవిరిని మరల నీరుగా మార్చును.

క్యూబాలోని మతాన్‌జాస్ తీరమున రెండు కిలోమీటర్ల గొట్టమును కడలిలో దింపుట కాయన పూనుకొనెను. మొదటి రెండు గొట్టములును సముద్రము పాలయ్యెను. మూడవది నిలిచి, 1930లో 22 కిలోవాట్ల విద్యుత్తు పుట్టెను. కాని పంపులు త్రాగిన శక్తి అంతకంటె నెక్కువ! కొలదికాలమునకే తుపాను ఆ గొట్టమునుగూడ హరించెను. 1935లో బ్రెజిల్ తీరమున ఓడపై చేసిన యత్నమును అలలే భగ్నము చేసెను. జాలరి యెరిగిన సత్యమును ఆ మేధావి ఎంతో వెచ్చించి నేర్చుకొనెను.

పిమ్మట తన కీర్తిని తానే చెరుపుకొనెను. ఫ్రాన్సును ఆక్రమించిన జర్మనులను బహిరంగముగా సమర్థించినందుకు 1945లో ఆయనకు యావజ్జీవ శిక్ష పడెను. 1950లో విడుదలయై, 1960లో మరణించెను.

ఆయన నేరమును మరువరాదు. ఆయన పద్ధతి మాత్రము వ్యర్థము కాలేదు. ఈ శతాబ్ది ఆరంభమున తూత్తుకూడి చెంత ఒక మెగావాటు యత్నము సైతము గొట్టమును నిలుపజాలకయే ఆగెను. ఐనను 2005లో లక్షద్వీపములలోని కవరత్తియందు అదే సూత్రముతో, దినమునకు లక్ష లీటర్ల మంచినీరు తీయు కేంద్రము వెలసెను. క్లాడ్ కోరిన వెలుగు కాకపోయినను, ఉప్పుకడలినుండి త్రాగునీరు లభించెను.