గోడకు పటమైన ముఖచిత్రం... వడ్డాది పాపయ్య

కట్టంగూర్: మాసపత్రిక చదవడం పూర్తికాగానే అట్టను జాగ్రత్తగా కత్తిరించి గోడకు అంటించుకోవడం, లేదంటే అద్దం బిగించి పటం కట్టించుకోవడం ఒకనాటి మురిపెం. చిత్రశాలలు లేని కట్టంగూర్ వంటి ఊళ్లకు వర్ణచిత్రాన్ని మోసుకొచ్చినవి ఆ అట్టలే. అలా తెలుగు లోగిళ్లలో కొలువుదీరిన ఎన్నో బొమ్మల అడుగున కనిపించే సంతకం 'వ.పా'. ఆయనే వడ్డాది పాపయ్య.

శ్రీకాకుళంలో 1921 సెప్టెంబరు 10న పాపయ్య జన్మించారు. తండ్రి రామమూర్తి చిత్రలేఖన ఉపాధ్యాయుడు కావడంతో ఇల్లే తొలి బడి అయింది. రాజా రవివర్మ చిత్రాలు ఆయనను బాల్యంలోనే ఆకట్టుకున్నాయి. రవివర్మ 1894లో సొంత ముద్రణాలయం నెలకొల్పి దేవతల బొమ్మలను సామాన్యుల గోడలకు చేర్చారు. అదే పనిని పాపయ్య పత్రికల ముఖచిత్రాల ద్వారా కొనసాగించారు.

నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో ప్రారంభించిన 'చందమామ'కు ఆయన దశాబ్దాల పాటు ముఖచిత్రాలు వేశారు. పురాణ ఘట్టాలను పిల్లలకు కళ్లకు కట్టారు. ఆ పత్రిక పలు భాషల్లో వెలువడటంతో ఆయన బొమ్మలు తెలుగు నేల ఎల్లలు దాటాయి. 'యువ' పత్రికలో రాగాలకు, రుతువులకు స్త్రీ రూపమిచ్చారు. పల్లె పడుచుల కట్టూబొట్టూ ఆయన కుంచెలో కొత్త సొగసు పోయాయి.

ఇంతటి ఖ్యాతి గడించినా ఆయన ప్రచారానికి, సన్మానాలకు దూరంగానే ఉన్నారు. అనకాపల్లి సమీపంలోని కశింకోటలో స్థిరపడి, నిరాడంబరంగా జీవించి, 1992 డిసెంబరు 30న కన్నుమూశారు. పాఠకుల ఇళ్ల గోడలే ఆయనకు ప్రదర్శనశాలలయ్యాయి.

అయితే ఆ అభిమానమే కొన్ని బొమ్మల పాలిట శాపమైంది. జిగురుతో అంటించిన అట్టలు గోడలకు వెల్ల వేసినప్పుడల్లా చిరిగిపోయాయి. అట్ట ఊడిన సంచికలు తూకానికి వెళ్లిపోయాయి. 'చందమామ' ముద్రణ సైతం నిలిచిపోయినందున, మిగిలిన పాత సంచికలే నేడు ఆ చిత్రాలకు ఆధారం. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం నాటి పాత పుస్తకాల దుకాణాల్లో అభిమానులు వాటి కోసం గాలిస్తుంటారు. అట్టను కత్తిరించకుండా స్కాన్ చేయించి, ఆ ప్రతిని ఎండ తగలని గోడకు పటంగా కట్టించుకుంటే బొమ్మా, పుస్తకమూ రెండూ దక్కుతాయి. అటకల మీద పాత సంచికలున్నవారు తూకానికి వేసే ముందు ఒక్కసారి అట్ట తిప్పి చూడాలి. అక్కడ వ.పా సంతకం ఉండవచ్చు.