గాజు పలకల మీద మిగిలిన చరిత్ర



ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధుల జీవితం రాయమని మన కార్యదర్శిగారు కోరారు. రాజకీయ నాయకుల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను మనలాగే ప్రభుత్వోద్యోగం చేసిన రాజా దీనదయాళ్ గారి గురించి రాయదలిచాను.

ఆయన మన తెలుగువారు కారు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోరు పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. ఎస్టిమేట్లు వేయడం, ప్లానులు గీయడం ఆయన పని. 1874లో ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. అక్కడి బ్రిటిషు అధికారి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు.

ఆ రోజుల్లో ఫోటో తీయడం మాటలు కాదు. గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగాలి. పలకలు, సీసాలు, గుడారం అన్నీ వెంట మోయించుకుపోవాలి. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతంలో తిరిగి కోటలను, గుళ్లను ఫోటోలు తీశారు. అవి 1886లో పుస్తకంగా వచ్చాయి. తరువాత ఆయన ఉద్యోగం వదిలి దీనినే వృత్తిగా చేసుకున్నారు.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా నియమించారు. సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. 1892లో పరదా స్త్రీల కోసం హైదరాబాదులో వేరే స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. 1905 జూలై 5న బొంబాయిలో కన్నుమూశారు.

ఆయన చరిత్ర గ్రంథమేదీ రాయలేదు. అయినా నా దృష్టిలో ఆయన చరిత్రకారుడే. చార్మినారు, గోల్కొండ, ఫలక్‌నుమా, నవాబుల విందులు, 1899-1900 కరవునాటి సహాయ పనులు ఆయన కెమెరాకు ఎక్కాయి. ఆయన పోయిన మూడేళ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ వరద నగరాన్ని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. నది ఒడ్డు రూపురేఖలే మారిపోయాయి. వరదకు ముందటి హైదరాబాదును ఈనాడు మనం చూడగలుగుతున్నామంటే ఆ ఫోటోల పుణ్యమే.

ఆయన ఫోటోలు చాలావాటి మీద నంబరూ, ఊరి పేరో కట్టడం పేరో కనిపిస్తాయి. రికార్డు రూములో పనిచేసిన నాకు అది మరీ నచ్చింది. నంబరు లేని కాగితం ఉన్నా లేనట్టే అని మనకు తెలియనిదా! 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగటివులను సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేర బిళ్ల విడుదల చేసింది.

ఇక మన మండపేట సంగతి. మనలో ప్రతివారి ఇంట్లోనూ పదవీ విరమణనాటి గ్రూపు ఫోటో ఉంటుంది. కుర్చీల్లో ఆఫీసర్లు, వెనుక గుమాస్తాలు, చివర అటెండర్లు. అందులో సగంమంది ఇప్పుడు లేరు. మిగిలిన సగానికి జ్ఞాపకశక్తి తగ్గుతోంది. ఆ పేర్లు చెప్పగలవారు మనమే. మన తరువాత మనవలకు అవి ఎవరివో తెలియని ముఖాలు. మనం బతికి ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం గాని, పోయిన మిత్రులు ఒకప్పుడు ఉన్నారని సర్టిఫికెట్ ఎవరిస్తారు?

కాబట్టి నా మనవి ఒక్కటే. ఫోటో వెనుక వరసక్రమంలో పేర్లు, హోదాలు, ఆఫీసు, ఊరు, సంవత్సరం రాయండి. మెత్తని పెన్సిలుతో రాయండి. సిరా ముందువైపుకు దిగుతుంది. కళ్లు ఆనకపోతే మనవరాలికి చెప్పి రాయించండి. ఆ నెపంతో నాలుగు పాత కబుర్లు కూడా ఆమె చెవిన పడతాయి.

ఇట్లు,
రిటైర్డ్ గుమాస్తా, మండపేట