కేరీగారి ఇంట్లో మూసిన గది

శ్రమలను గూర్చిన ప్రసంగాల్లో విలియం కేరీగారి పేరు తరచుగా వినబడుతుంది. 1812 మార్చి 11న సెరంపూర్‌లోని ఆయన ముద్రణాలయం తగలబడింది. ఏళ్ల తరబడి చేసిన అనువాదాలతోపాటు ఆయన రాసిన తెలుగు వ్యాకరణం కూడా బూడిదైంది. ఆయన మళ్లీ కూర్చుని రాశారు. 1814లో వ్యాకరణం, 1818లో తెలుగు క్రొత్త నిబంధన సెరంపూర్‌లో అచ్చయ్యాయి. పోయినదానికి ప్రభువు రెట్టింపు ఇచ్చాడని చెప్పడానికి ఇంతకన్నా చక్కని సాక్ష్యం మనకు దొరకదు.

ఆ లెక్కకు అందని మనిషి ఒకామె ఉంది. కేరీగారి భార్య డోరతి.

1781లో ఆమె ఆయనను పెళ్లాడింది. అప్పటికి ఆయన చెప్పులు కుట్టుకునే యువకుడు. ఆమెకు సంతకం చేయడం కూడా రాదు. పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. 1793లో భర్త ఇండియాకు బయలుదేరుతానంటే ఆమె రానంది. చేతిలో పసిబిడ్డ ఉంది మరి. చివరికి చెల్లెలు తోడు వస్తే సరేనని ఓడ ఎక్కింది. అయిదు నెలల ప్రయాణం. బెంగాల్‌లో దిగాక డబ్బు లేదు, నిలవడానికి చోటు లేదు, ఇంటిల్లిపాదికీ రోగాలు. 1794లో మద్నాబాటి నీలిమందు ఫ్యాక్టరీ దగ్గర అయిదేళ్ల పీటర్ విరేచనాలతో చనిపోయాడు. కులం పోతుందన్న భయంతో గొయ్యి తవ్వడానికి కూడా మనుషులు ముందుకు రాలేదు.

ఆ తర్వాత ఆమె మనసు చెదిరింది. భర్త మీద అనుమానం పెంచుకుని వెంటపడి తిట్టేది, చంపబోయింది కూడా. గదిలో ఉంచి తాళం వేయక తప్పలేదు. 1800 డిసెంబరు 28న కృష్ణ పాల్ హుగ్లీ నదిలో బాప్తిస్మం పొందాడు. ఏడేళ్ల పరిచర్యకు దక్కిన ఫలమని అందరూ సంతోషిస్తున్న ఆ రోజున కూడా ఆమె గదిలో కేకలు వేస్తూనే ఉంది. 1807 డిసెంబరులో ఆ గదిలోంచి సమాధికి వెళ్లింది.

ఎందుకిలా జరిగింది? అనువాదం కోసమే దేవుడు దీన్ని అనుమతించాడని చెప్పడం మనకు తేలికే. యోబు స్నేహితులు కూడా ఇలాగే కారణాలు చెప్పారు, దేవుని కోపం వారి మీదికే వచ్చింది. సుడిగాలిలోనుండి మాట్లాడినప్పుడు కూడా ఆయన యోబుకు కారణం చెప్పలేదు. యోబుకు తిరిగి పదిమంది పిల్లలు పుట్టారు, సరే. మొదటి పదిమంది మాత్రం సమాధుల్లోనే ఉన్నారు. వాళ్లను కన్న తల్లి నోట వచ్చింది ఒకే ఒక్క మాట. ఆ మాటకే మనం ఇప్పటికీ ఆమెను గద్దిస్తున్నాం. డోరతిని కూడా పాత జీవితచరిత్రలు చాలాకాలం సేవకు అడ్డుబండగానే చూపాయి.

దేవుడు న్యాయవంతుడని మేము నమ్ముతున్నాం. పీటర్‌ను ఒక తక్కెడలో, క్రొత్త నిబంధనను మరో తక్కెడలో పెట్టి తూచే పని మాత్రం ఆయన మనకు అప్పగించలేదు. ఇంట్లో మతి చెదిరిన మనిషి ఉన్నందుకు ఏ పాపమో, ఏ శాపమో అని సంఘంలో గుసగుసలు పడే కుటుంబాలు మన మధ్య కూడా ఉన్నాయి.

కేరీగారు 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించారు. తనను ఎవరి పక్కన పాతిపెట్టాలో వీలునామాలో రాసిపెట్టారు. ఆ పేరు డోరతిది కాదు, రెండవ భార్య షార్లెట్‌ది.