మూగ్ కాదు, మోగ్

ఇంగ్లీషులో ఎమ్ తర్వాత రెండు ఓలు, చివర జీ. చూడగానే ఎవరి నోటికైనా 'మూగ్' అనే వస్తుంది. కానీ ఆ ఇంటిపేరున్న ఆయన మాత్రం తనని 'మోగ్' అని పలకమనేవారు. మూగకీ మోగడానికీ తేడా ఏంటో తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు కదా. పూర్తి పేరు రాబర్ట్ మోగ్, దగ్గరివాళ్ళకి బాబ్. సింథసైజర్ అనగానే ప్రపంచంలో ముందుగా గుర్తొచ్చే పేరు ఇదే.

సింథసైజర్ అంటే కరెంటుతో స్వరం పుట్టించే వాయిద్యం. అందులో మాడ్యులర్ అనే రకం ఇంకా సరదాగా ఉంటుంది. ఒక డబ్బా స్వరం పుట్టిస్తుంది, ఇంకోటి దాన్ని వడగడుతుంది, మరోటి పెంచి తగ్గిస్తుంది. ఏది దేనికి కలపాలో వైర్లతో మనమే నిర్ణయించుకోవాలి. సీఎస్‌ఈ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఒక్కో మాడ్యూల్ ఒక ఫంక్షన్, వైరు అంటే ఒకదాని అవుట్‌పుట్‌ని ఇంకోదానికి ఇన్‌పుట్‌గా ఇవ్వడం. ఈ డబ్బాలని ఇంట్లోనే కట్టుకునేవాళ్ళు ఇప్పుడు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. నేనూ మొదలుపెట్టాను. మోగ్ గురించి చదివింది కూడా అందుకే. అందరూ ఆయన్ని పెద్ద సైంటిస్టు, ఇన్వెంటర్ అని పరిచయం చేస్తారు. నాకు నచ్చింది మాత్రం వేరే సంగతి. ఆయన చాలా ఏళ్ళు ఇంట్లో కూర్చుని కిట్లు అమ్ముకున్న మనిషి.

1934 మే 23న న్యూయార్క్‌లో పుట్టారు. ఇల్లు క్వీన్స్‌లోని ఫ్లషింగ్ అనే చోట. నాన్న జార్జ్ కరెంటు కంపెనీలో ఇంజినీరు, ఇంట్లోనే చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నారు. అమ్మ షర్లీకి కొడుకుని పియానిస్టుని చెయ్యాలని పట్టుదల. అమ్మ దగ్గర పియానో ప్రాక్టీసు, నాన్న దగ్గర సోల్డరింగ్ ఐరన్. పిల్లాడి మనసు ఎటు లాగిందో చెప్పక్కర్లేదు కానీ, అమ్మ కూర్చోబెట్టి నేర్పిన ఆ పియానో కూడా వృథా కాలేదు.

1949లో, అంటే మన లెక్కలో పదో తరగతి వయసులో, ఒక పత్రికలో వచ్చిన ప్లాన్ చూసి థెరమిన్ కట్టారు. రష్యన్ శాస్త్రవేత్త లియోన్ థెరమిన్ కనిపెట్టిన వాయిద్యం అది. రెండు యాంటెన్నాలుంటాయి, దేన్నీ ముట్టుకోకూడదు. ఒకదానికి చెయ్యి దగ్గరగా తెస్తే శ్రుతి మారుతుంది, రెండోదానికి తెస్తే శబ్దం తగ్గుతుంది. మొదటిసారి చూసేవాళ్ళకి దెయ్యం వాయిస్తున్నట్టే ఉంటుంది. 1954లో థెరమిన్ ఎలా కట్టాలో ఆయనే ఒక రేడియో పత్రికకి వ్యాసం రాశారు. నాన్నతో కలిసి థెరమిన్లు చేసి అమ్మడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. అప్పటికి ఆయనది దాదాపు మన వయసే.

తర్వాత చదువులు. క్వీన్స్ కాలేజీలో ఫిజిక్స్, కొలంబియాలో ఎలక్ట్రికల్, కార్నెల్‌లో ఇంజినీరింగ్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ. ఆ పీహెచ్‌డీ 1965కి గానీ పూర్తవలేదు, మధ్యలో కిట్లున్నాయి మరి. 1961లో ట్రాన్సిస్టర్లతో పనిచేసే థెరమిన్ గురించి మళ్ళీ ఒక వ్యాసం రాసి, దాని కిట్‌ని దాదాపు 50 డాలర్లకి అమ్మకానికి పెట్టారు. సుమారు వెయ్యి కిట్లు అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళు ఎక్కడెక్కడో తమ ఇళ్ళలో కూర్చుని సోల్డర్ చేసుకున్నారు.

ఆయన డిజైన్ చూసి థెరమిన్ కట్టుకున్నవాళ్ళలో హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీతం మాస్టారు ఒకరు. 1963లో రోచెస్టర్‌లో సంగీతం టీచర్ల సమావేశంలో ఇద్దరూ కలిశారు. అప్పట్లో ఎలక్ట్రానిక్ సంగీతం అంటే టేపు మీద శబ్దాలు రికార్డు చేసి, బ్లేడుతో కోసి, ముక్కలు అతికించడం. నిమిషం సంగీతానికి రోజులు పట్టేది. ఇంతకంటే సులువైన దారి లేదా అని డాయిచ్ అడిగారు. 1964 వేసవిలో ఆయన ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో మోగ్ షాపుకి వచ్చారు, ఇద్దరూ కూర్చుని పని మొదలుపెట్టారు.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆసిలేటర్ నాబ్‌ని చేత్తో తిప్పే బదులు, ఒక వోల్టేజీ ఇచ్చి దానితోనే తిప్పిస్తే? ఆ వోల్టేజీ కీబోర్డు నుంచి రావచ్చు, ఇంకో ఆసిలేటర్ నుంచైనా రావచ్చు. మోగ్ పెట్టుకున్న లెక్క ఏంటంటే, ఒక వోల్టు పెరిగితే ఫ్రీక్వెన్సీ రెట్టింపవుతుంది. 2 వోల్టులకి 220 హెర్ట్జ్ వస్తోందనుకోండి, 3 వోల్టులకి 440, 4 వోల్టులకి 880. అంటే కింది స నుంచి పై స కి ఎప్పుడైనా ఒక వోల్టే దూరం అన్నమాట. మన చెవి వినేది కూడా ఇలాగే, కూడికలో కాదు, రెట్టింపులో. ట్రాన్సిస్టర్‌లో వోల్టేజీ కొంచెం కొంచెంగా పెంచుతుంటే కరెంటు రెట్లలో పెరుగుతుంది. ఆ గుణాన్నే ఆయన ఇందుకు వాడుకున్నారు. కాకపోతే ఆ గుణం వేడితో కూడా మారుతుంది. అందుకే ఆ రోజుల్లో సింథ్‌లు కచేరీ మధ్యలో శ్రుతి తప్పేవి. మే నెలలో మా ఇంట్లో నా ఆసిలేటర్‌కి ఫ్యాన్ వేస్తే ఒక శ్రుతి, ఆపితే ఇంకో శ్రుతి. రెండు ట్రాన్సిస్టర్లని ఒకదానికొకటి అంటించి, వేడికి తగ్గట్టు విలువ మార్చుకునే రెసిస్టర్ పెడితే గానీ దారికి రాదు.

ఇంకో ముచ్చట. స్వరం పుడుతోంది కానీ కారు హారన్‌లా ఒకే తీరుగా మోగుతూ ఉంది. వీణ తీగ మీటితే ఠక్కున లేచి మెల్లగా వాలుతుంది కదా, అలా కావాలని డాయిచ్ అడిగారు. అయితే వెళ్ళి డోర్‌బెల్ స్విచ్ కొనుక్కురమ్మని మోగ్ ఆయన్ని హార్డ్‌వేర్ షాపుకి పంపారు. దాన్ని సర్క్యూట్‌కి తగిలించారు. ఇవాళ ప్రతి సింథ్‌లోనూ ఉండే ఎన్వలప్ జనరేటర్ అలా మొదలైంది. దాన్ని ఇప్పుడున్న నాలుగు దశల రూపానికి తెచ్చింది ఉసాచెవ్‌స్కీ అనే కంపోజర్ సూచన. వెండీ కార్లోస్ కూడా ఎన్నో మార్పులు చెప్పారు. వాయించేవాళ్ళు అడగడం, ఈయన విని కట్టడం, ఇదే వరస. కాలిఫోర్నియాలో డాన్ బుక్లా అనే ఆయన కూడా ఆ రోజుల్లోనే, తన దారిలో తాను, ఇలాంటి మాడ్యూల్స్ కట్టారు. క్రెడిట్ మొత్తం ఒక్కరికే రాసేస్తే అన్యాయం.

1968లో కార్లోస్ ఆ సింథ్‌తో బాఖ్ సంగీతాన్ని వాయించి ఆల్బం చేశారు. ఒకసారికి ఒక్క స్వరమే పలికే వాయిద్యం అది. పొర మీద పొర రికార్డు చేసుకుంటూ పోయారు. మూడు గ్రామీలు వచ్చాయి, మోగ్ పేరు మోగిపోయింది. 1969లో ఒక మోగ్ మాడ్యులర్ మన దేశానికి కూడా వచ్చింది, అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి. డేవిడ్ ట్యూడర్ వచ్చి స్టూడియో పెట్టారు, గీతా సారాభాయ్ లాంటి వాళ్ళు అక్కడ పనిచేశారు. ఆ టేపులు చాలా ఏళ్ళు అలా పడి ఉండి, ఈ మధ్యనే బయటికొచ్చాయి.

పేరు మోగింది గానీ గల్లాపెట్టె మోగలేదు. 1970లో మినీమోగ్ వచ్చింది, వైర్ల గొడవ లేకుండా ఒళ్ళో పెట్టుకునేంత చిన్నది. దాని మొదటి నమూనాని మిగిలిపోయిన విడిభాగాలతో కట్టింది బిల్ హెమ్‌సాత్ అనే ఆయన ఇంజినీరు. వాయిద్యం గొప్పది, కానీ అప్పటికే అప్పులు పెరిగిపోయాయి. 1971లో కంపెనీ చేతులు మారింది, 1973లో నార్లిన్ అనే పెద్ద సంస్థ కిందికి వెళ్ళింది. తను పెట్టిన కంపెనీలో తనే ఉద్యోగి అయ్యారు. 1977లో బయటికొచ్చేశారు. ఆయన వచ్చారు కానీ పేరు రాలేదు. తన వాయిద్యం మీద తన ఇంటిపేరు రాసుకునే హక్కు కూడా లేకుండా పోయింది. బిజినెస్ ఆయనకి చేతకాదని రాసేవాళ్ళున్నారు, నిజమే కావచ్చు. కానీ మా నాన్న ఇచ్చిన ఇంటిపేరు వాడుకోవడానికి నేను ఇంకొకరి పర్మిషన్ అడగాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటే, నవ్వుతూ దాటేసే విషయంలా అనిపించదు.

ఆయన నార్త్ కరోలినాలో ఆష్‌విల్ దగ్గరికి వెళ్ళిపోయి బిగ్ బ్రయర్ అనే చిన్న కంపెనీ పెట్టుకున్నారు. అక్కడ మళ్ళీ ఏం చేశారంటే, థెరమిన్లే. 1996లో ఈథర్‌వేవ్ అనే థెరమిన్ తెచ్చారు, కట్టుకునేవాళ్ళకి కిట్‌గా కూడా ఇచ్చారు. వాయిద్యాల మీద తన పేరు 2002కి గానీ తిరిగి చేతికి రాలేదు. మూడేళ్ళు వాడుకున్నారు. 2005 ఆగస్టు 21న, 71 ఏళ్ళకి, మెదడులో కణితితో పోయారు.

ఆయనకి పేటెంట్ వచ్చిన ల్యాడర్ ఫిల్టర్ 1969 నాటిది. ట్రాన్సిస్టర్ జతలు నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి, మెట్టుకో కెపాసిటర్. పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, ఎవరైనా కట్టుకోవచ్చు. నా తర్వాతి మాడ్యూల్ అదే. జత సరిగ్గా కుదరాలి కాబట్టి ఒక కవర్ నిండా బీసీ547లు తెచ్చుకుని, మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ కొలిచి ఏరుతున్నాను. ఇప్పటికి మూడు జతలు దొరికాయి.